ఆకాశం వెనక కొంగ

"ఆ మాట ఊరికే నోరు జారి అన్నానని చెప్పు నాన్నా. అంతకంటే నిన్నింకేం అడగట్లేదు."

"నోరు జారలేదు. కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, ఆలోచించే అన్నాను."

కాజిమిర్ రొట్టె ముక్కకి వెన్న రాస్తున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ ఆ చెయ్యి ఊరికే ఉంటే వణుకుతుంది, పనిముట్టు పట్టుకుంటే వణకదు. వెన్న అంచుల దాకా సమంగా, ఎక్కడా గీత పడకుండా పరుచుకుంటోంది. జీవితమంతా నాటకాల పరదాల మీద ఆకాశాలు వేసిన మనిషి, రొట్టె మీదైనా మరక పడనివ్వడు.

ఎదురుగా కూతురు వాండా. ఇద్దరి మధ్యా బల్ల మీద ఫోను.

పదకొండింటికి అది మోగుతుంది. ఒకవైపు కార్మిక శాఖ జడ్జి, ఇంకోవైపు థియేటర్ మేనేజర్ ప్రెస్కాట్ మాట్లాడతారు. వాండా ఇన్నేళ్లూ ఆ థియేటర్లో ఉద్యోగం చేసిందా, లేక తన పని తాను చేసుకునే కాంట్రాక్టు మనిషా అన్నది తేలుస్తారు. ఉద్యోగే అంటే నిరుద్యోగ భృతి వస్తుంది. మంచు కరిగేదాకా ఇల్లు గడుస్తుంది, ఈలోగా ఇంకెక్కడైనా కుంచె పట్టుకునే పని వెతుక్కోవచ్చు. కాదంటే సోమవారం నుంచి గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటించడమే. ఆ పనిలో దిగినవాళ్ల మణికట్లు మళ్లీ కుంచెకు లొంగవని మా వీధిలో అందరికీ తెలుసు.

ఇంత దాకా తెచ్చింది ముసలాయన మాటే.

మొన్న కార్మిక శాఖ గుమస్తా పిల్ల ఫోను చేసినప్పుడు వాండా ఇంట్లో లేదు. ఈయన ఎత్తాడు. పని ఎలా చెయ్యాలో మీ అమ్మాయికి థియేటర్ వాళ్లు చెప్పేవారా అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది.

"మాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదమ్మా," అన్నాడీయన. "మా నాన్నకి ఎవడూ చెప్పలేదు. నాకు చెప్పలేదు. నా కూతురికీ చెప్పలేదు. ఆకాశం ఎలా ఉంటుందో వాళ్లే మమ్మల్ని అడిగి తెలుసుకుంటారు."

ఆ పిల్ల మక్కీకి మక్కీ రాసుకుంది. నువ్వు ఎవరి కిందా పనిచేసిన మనిషివి కావు, నీకు భృతి లేదు అని జవాబొచ్చింది. వాండా మళ్లీ విచారించమని పెట్టుకున్న అర్జీకే ఇవాళ్టి ఫోను.

"నాన్నా, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే కదా కొట్టేశారు."

"అయితే ఏం చెప్పమంటావు? నా కూతురు వాళ్లు గీయమన్నట్టు గీసింది, చెరపమంటే చెరిపింది అని చెప్పనా? అట్లయితే నేను నీకు నేర్పిందేంటి? గోడకి సున్నం కొట్టడమా?"

"సున్నం కొట్టేవాడికి భృతి వస్తుంది నాన్నా. ఆకాశం వేసేదానికే రాదు."

ముసలాయన కత్తి కింద పెట్టాడు. వెన్న రాసిన రొట్టె తినలేదు.

పొయ్యి దగ్గర స్టాషా పిండి వత్తుతోంది. కాజిమిర్ కంటే పెద్దది, పక్కింట్లో ఉంటుంది, కానీ వంట మాత్రం ఇక్కడే. పల్చగా వత్తిన పిండిలో క్యాబేజీ కూరి, అంచులు నొక్కి, ఉడకేసే కుడుములు ఆమె చేతివే తినాలి.

"ఒరేయ్ కాజిమిర్, మధ్యాన్నానికి కుడుములు తింటావా, నీ గొప్ప తింటావా? ముందే చెప్తే ఆ లెక్కన పిండి కలుపుతాను."

"అక్కా, నువ్వు పిండి సంగతి చూసుకో."

"చూసుకుంటున్నా. పుట్టినప్పటి నుంచీ నీకు వండి పెడుతున్నా, ఇలా వండమని ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ కాంట్రాక్టు మనిషినేరా. నాకూ భృతి రాదు."

వాండాకి నవ్వొచ్చింది. ముసలాయనకీ వచ్చింది కానీ మింగేశాడు. కాఫీ కప్పు తీసుకుని వెనక వరండాలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ వరండాలో ఒక ఆకాశం ఉంది.

థియేటర్ వాళ్లు పరదాలు వేసే రంగుల హాలు మూసేసి, వాండాని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు ఆకాశాలు ఎక్కడో మిషన్లో అచ్చవుతున్నాయి, చుట్ట చుట్టి లారీలో వస్తున్నాయి. పాత పరదాలు బయట పారేస్తుంటే వాండా ఒకదాన్ని తెచ్చుకుంది. తను వేసిన ఆఖరి తెల్లవారుజాము. ఇంటికి పట్టేలా కోస్తే, ఆమె మొగుడు డెక్లన్ దాన్ని వరండా అద్దాలకు అడ్డంగా, అంచుల్లో చెక్కలు కొట్టి బిగించాడు. సరస్సు మీద నుంచి వచ్చే గాలి ఆగింది. ఆ రోజు నుంచీ ముసలాయన కుర్చీ అక్కడికి మారింది. పొద్దున్నుంచి మధ్యాన్నం దాకా ఆయన ఆ తెల్లవారుజామునే ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాడు.

ఆకాశం వెయ్యడం గోడ మీద బొమ్మ వెయ్యడం లాంటిది కాదు. పరదాని నేల మీద పరుస్తారు. జోళ్లు విప్పి, మేజోళ్లతో దాని మీద నడుస్తారు. కుంచెకి పొడుగాటి వెదురు కట్టి, నిలబడే వేస్తారు. కాళ్ల కింద నీలం, చేతి కొసన గులాబీ. దగ్గరగా చూస్తే అంతా మరకలే, వేస్తున్నవాడికి కూడా తను వేస్తున్నదేమిటో కనపడదు. అటకెక్కి చూడాలి. అప్పుడు ఆ మరకలన్నీ ఒక్క గుక్కలో తెల్లారిపోతాయి.

చిన్నప్పుడు వాండా ఆ హాల్లోనే పెరిగింది. ఆరిన మూల మీద పడుకోబెట్టేవాడు తండ్రి. కింద మబ్బులు, పైన హాలు కప్పు. మెలకువ వచ్చేసరికి దూరంగా నాన్న ఆకాశం మీద నడుచుకుంటూ వస్తూ ఉండేవాడు. నాన్నలందరూ అలాగే నడుస్తారనుకునేది. మొదటిసారి బడికి వెళ్లినప్పుడు పక్క పిల్లని, "మీ నాన్న ఏ ఆకాశం మీద ఉంటాడు?" అని అడిగింది. ఆ పిల్ల ఏడ్చింది. వాళ్ల నాన్న నిజంగానే చనిపోయాడట.

ఆ పనిలో సంతకం పెట్టే అలవాటు లేదు. పరదా ఎవరు వేశారో టిక్కెట్టు కొన్నవాడికి అక్కర్లేదు. అందుకని వాండా తాత, పోలండులో వాళ్ల పశువుల కొట్టం మీద గూడు కట్టిన కొంగని గుర్తు పెట్టుకుని, ప్రతి ఆకాశంలోనూ పై మూల జానెడు తెల్లకొంగని ఎగరేసేవాడు. హాల్లో కూర్చున్నవాళ్లకి కనపడకూడదు, వేసినవాడికి కనపడకుండా పోకూడదు. కాజిమిర్ వేసిన ప్రతి ఆకాశంలోనూ కొంగ ఉంది. వాండా వేసిన వాటిలోనూ ఉంది.

వరండాలో ఉన్న దాంట్లో తప్ప.

*

బయట డెక్లన్ కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతున్నాడు. ఇంజను నడుస్తోంది. అతనూ ఆ థియేటర్లోనే, పెద్ద వడ్రంగి. అతను మాత్రం మొదటి నుంచీ ఉద్యోగే. ఎందుకంటే మేకు ఎక్కడ కొట్టాలో చెప్పొచ్చు, మబ్బు ఎక్కడ ఆగాలో చెప్పలేరు. వాళ్ల లెక్క అది.

వాండా కోటు లేకుండానే వచ్చి నిలబడింది.

"ఏమంటున్నాడు మీ నాన్న?"

"రొట్టెకి వెన్న రాసి, తినకుండా లేచిపోయాడు."

"అంటే ఒప్పుకోలేదన్నమాట."

వాండా చేతులు చంకల్లో దోపుకుంది.

"నువ్వు ఒక్క ముక్క చెప్తే చాలు డెక్లన్. ఆ కొంగ సంగతి."

అతను అద్దం మీద గీకిన చోటే మళ్లీ గీకాడు.

పోయిన వసంతంలో దీపాల రిహార్సల్ రోజు ప్రెస్కాట్ బాల్కనీలో నిలబడి పరదా చూశాడు. కింద కూర్చునేవాడు ఎన్నడూ చూడని మూలని పైనుంచి చూశాడు. "అక్కడేదో పిట్ట రెట్ట వేసింది డెక్లన్. తుడిపించు," అన్నాడు. అది రెట్ట కాదు, కొంగ అని డెక్లన్ చెప్పాడు. "ఏదైతేనేం. నా ఆకాశంలో వద్దు."

డెక్లన్ వచ్చి పెళ్లానికి ఆ మాట చెప్పాడు. వాండా కుంచె తీసుకుంది. నిచ్చెనెక్కి కొంగ మీద చిక్కటి నీలం పూసింది. నిచ్చెన పట్టుకున్నది డెక్లనే. దిగాక, "నాన్నకి తెలియనివ్వకు," అంది. "నా పేరు ఎక్కడా రానివ్వకు," అన్నాడతను. ఒకరికొకరు అలా మాటిచ్చుకున్నారు. అప్పుడది పెద్ద విషయం అనిపించలేదు. ఇప్పుడు ఇద్దరి మెడలకీ అదే చుట్టుకుంది.

"నిన్న పిలిచి టీ ఇచ్చాడు," అన్నాడు డెక్లన్.

"ఎవరు?"

"ప్రెస్కాట్. ఆయన టీ ఇచ్చాడంటే ఏదో తీసుకోవడానికే. 'జడ్జి మీ ఆవిడ వైపు తేలిస్తే కుట్టుపని వాళ్లు, విగ్గులు కట్టేవాళ్లు, అందరూ వరస కడతారు. అప్పుడు వడ్రంగుల్ని ఎంతమందిని ఉంచుకోగలమో చూడాలి' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"టీ బాగుందన్నాను."

"అదే నువ్వు. మన పెళ్లి నాడు కూడా మాట్లాడాల్సిందంతా మీ అమ్మే మాట్లాడింది."

"ఆవిడకి మాట్లాడటం వచ్చు." అతను గీకుడు కర్ర దులిపాడు. "వాండా, నోటిమాటగా చెప్పిన ముక్క అది. నేనన్లేదంటాడు. అప్పుడు మిగిలేది నేనొక్కణ్ణి. నా జీతం కూడా పోతే ఏం చేస్తాం?"

"నీ జీతం నిలబడాలని నా భృతి వదిలేసుకోనా?"

"నేనలా అనలేదు."

"నువ్వేమీ అనలేదు డెక్లన్. ఎప్పుడూ ఏమీ అనవు."

మంచు మొదలైంది. గాలి లేని మంచు. ఎవరో పైన కూర్చుని తాపీగా దూది విప్పుతున్నట్టు పడుతోంది. వాండా జుట్టు మీద నిలిచిన రేకుల్ని దులపబోయి డెక్లన్ చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆమె వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

"ఆయనకి తెలీదు కదా?" అని వెనకనుంచి అడిగాడు.

"తెలీదు. కొంగ ఏదని అడిగితే, కోసేసిన ముక్కలో పోయిందన్నాను."

అది అబద్ధం. కోసేటప్పుడు ఆ మూల దాకా వచ్చేసరికి వాండా కత్తెర ఆడలేదు. కొంగ ఆ పరదాలోనే ఉంది, నీలం కింద.

*

"మిసెస్ హెన్నెసీ, నా మాట వినపడుతోందా?"

జడ్జి ఆడమనిషి. జలుబు చేసినట్టుంది, మధ్యమధ్యలో ముక్కు తుడుచుకుంటోంది. ఆ చప్పుడు విన్నాక స్టాషాకి ఆమె మీద కొంచెం నమ్మకం కుదిరింది.

"వినపడుతోందండీ," అంది వాండా.

వీధిలో కారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. డెక్లన్ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఆలోచించే టైము లేదు.

ప్రెస్కాట్ గొంతు వెన్నలా ఉంది. వాండా గొప్ప కళాకారిణి అన్నాడు. ఆమెతో పనిచెయ్యడం తమ అదృష్టం అన్నాడు. "ఆమె కుంచెలు ఆమెవే. హాలు తాళం ఆమె దగ్గరే ఉండేది. ఎప్పుడు వచ్చినా, ఎప్పుడు వెళ్లినా మేం అడగలేదు. కళాకారుల్ని అలా అడుగుతామా అండీ? అది అవమానం కదా."

ఇంత పొగడ్త వాండా ఆ థియేటర్లో ఉన్నన్నాళ్లూ వినలేదు. పనిలోంచి తీసేశాక ఇప్పుడు వింటోంది.

"కుంచెలు మీవేనా?" అని జడ్జి అడిగింది.

"మా తాతవండీ."

"అంటే మీవే."

"అవునండీ."

"ఏం వెయ్యాలో ఎవరు చెప్పేవారు?"

"డిజైనర్ చిన్న బొమ్మ ఇస్తాడండీ. దాని మీద గళ్లు గీసి, పరదా మీదా గళ్లు గీసి, పెద్దది చేస్తాను."

"ఇల్లు కట్టే మేస్త్రీకి కూడా నక్షా ఇస్తారండీ," అన్నాడు ప్రెస్కాట్ మధ్యలో. "అంతమాత్రాన అతను ఇంటాయన దగ్గర ఉద్యోగి అయిపోడు. ఎలా వెయ్యాలన్నది మాత్రం మేమెప్పుడూ చెప్పలేదు."

"మిస్టర్ ప్రెస్కాట్, మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి. మిసెస్ హెన్నెసీ, నాకు కావలసింది కూడా అదే. మీరు వేసే పద్ధతిలో గానీ, వేసినదాంట్లో గానీ, వాళ్లు ఎప్పుడైనా జోక్యం చేసుకున్నారా? మార్చమన్నారా? మీకు ఇష్టం లేకపోయినా మార్చాల్సి వచ్చిందా?"

వాండా ఫోను వైపు చూసింది. ఉప్పు గిన్నె వైపు చూసింది. వరండా తలుపు మూసే ఉంది, కానీ పల్చటి చెక్క. లోపల ఆయన కుర్చీ కిర్రుమనడం కూడా వినపడుతోంది. ఇక్కడి మాట అక్కడికి వినపడకుండా ఎలా ఉంటుంది?

ఒక్కసారి చెప్తే చాలు. చెప్తే నాన్న వింటాడు. చెప్తే ఎవరు వచ్చి చెప్పారని అడుగుతారు. చెప్పకపోతే సోమవారం.

"మిసెస్ హెన్నెసీ?"

"ఉన్నానండీ."

స్టాషా చేతిలో కుడుము నలిగిపోయింది. "చెప్పవే, నోట్లో పిండి పెట్టుకున్నావా?" అని గొణిగింది.

"అక్కడెవరు మాట్లాడుతున్నారు?"

"మా అత్తండీ. కుడుములు చేస్తోంది."

జడ్జి ముక్కు తుడుచుకుంది. "నా ప్రశ్నకి జవాబు?"

వాండాకి ఆ హాలు గుర్తొచ్చింది. గుర్తు కూడా కాదు, అందులోనే నిలబడ్డట్టయింది. కాళ్ల కింద తడి నీలం, పాదాలకు అంటుకుంటూ. ఎటు అడుగేసినా గుర్తు పడుతుంది. అలాంటప్పుడు కదలకూడదని, ఆరేదాకా అలాగే నిలబడాలని చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు. ఆకాశం మధ్యలో చిక్కుకున్నవాళ్లకి అంతకంటే దారి లేదు.

"లేదనే అనుకోవాలా?" అంది జడ్జి.

ప్రెస్కాట్ మెల్లగా దగ్గాడు. "అమ్మా, ఆమెని ఇబ్బంది పెట్టడమెందుకు? వాళ్ల నాన్నగారే మీ శాఖ వాళ్లకి చెప్పారు. ఆయనా మా దగ్గర దశాబ్దాలు చేశారు, ఈ పనిలో ఆయన కంటే తెలిసినవారు లేరు. ఆ ఇంట్లోనే ఉంటారు. కావాలంటే ఆయన్నే అడగండి."

"మిస్టర్ వోయ్నార్ ఇంట్లో ఉన్నారా?"

వాండా జవాబు చెప్పేలోపే వరండా తలుపు తెరుచుకుంది.

సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో చలికాలం ఎండంటే చుట్టం లాంటిది. వస్తున్నట్టు చెప్పదు, వచ్చాక ఎంతసేపు ఉంటుందో తెలీదు. ఆ వేళప్పుడు మబ్బు విచ్చింది. పెరట్లో పేరుకున్న మంచు మీద పడ్డ ఎండ అక్కణ్ణుంచి లేచి వరండా అద్దాల్లోకి దూకింది. పరదా వెనకనుంచి వెలిగింది.

కాజిమిర్ గడపలో నిలబడ్డాడు. ఆయన వెనక తెల్లవారుతోంది. గులాబీ, దాని మీద పసుపు, దాని పైన ఇంకా పేరు పెట్టని నీలం. వంటింటి నేల మీద, పిండి పళ్లెం మీద, స్టాషా చేతుల మీద ఆ రంగు పడింది. ఉడికే నీళ్ల ఆవిరి కూడా గులాబీ రంగుకి తిరిగింది. ఒక్క క్షణం ఆ ఇంట్లో ఎవరూ నేల మీద ఉన్నట్టు లేరు.

పై మూల, నీలంలో, నల్లగా కొంగ.

జానెడు కొంగ. రెక్కలు చాపి, కాళ్లు వెనక్కి చాపి. పల్చటి రంగులోంచి వెలుగు దిగుతుంది. చిక్కటి రంగులోంచి దిగదు. కొంగ మీద పూసిన నీలం, ముందు నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోయింది. వెనకనుంచి దీపం పడితే నీడై నిలబడింది.

స్టాషా పిండి చేత్తోనే శిలువ గుర్తు వేసుకుంది.

వాండా ఫోను వదిలి అటు తిరిగింది. "నాన్నా, ఎప్పుడు..."

"నవంబరులో. మొదటి ఎండ వచ్చిన రోజే చూశాను." ఆయన ఫోను వైపు చూడలేదు. "కోసేసిన ముక్కలో పోయిందన్నావు. సరేలే అనుకున్నాను. ఇష్టం లేక కప్పేసి ఉంటుంది, దాని కాలం వేరు, కొంగ ముసలిదైపోయింది అనుకున్నాను. ఆ గుమస్తా పిల్ల అడిగినప్పుడు కూడా అదే నమ్ముకుని చెప్పాను. నీ ఇష్టప్రకారమే చేశావని నమ్మితే నాకు ఎలాగో ఒకలా నిద్ర పట్టేది."

"మిస్టర్ వోయ్నార్," అంది ఫోనులో జడ్జి, "మీరు ఇదివరకు చెప్పినదాని మీద నిలబడతారా? నిజమే చెప్తానని ముందు ప్రమాణం చెయ్యాలి."

"చేస్తానమ్మా. దానికంటే ముందు నా కూతుర్ని ఒకటి అడగనివ్వండి."

"ఇక్కడ ప్రశ్నలు అడగాల్సింది నేనండీ."

"మీరడిగినప్పుడు అది నీళ్లు నమిలింది. విన్నాను. అందుకే నేనడుగుతానంటున్నా."

జడ్జి ముక్కు చీదింది. "క్లుప్తంగా కానివ్వండి."

"ఏ సంబంధం లేని విషయం..." అని ప్రెస్కాట్ మొదలుపెట్టాడు.

"మిస్టర్ ప్రెస్కాట్."

వీధిలో ఇంజను ఆగింది. ఆగాక గానీ అది ఇంకా నడుస్తోందన్న సంగతి వాండాకి మళ్లీ గుర్తురాలేదు.

కాజిమిర్ వేలెత్తి కొంగని చూపించాడు. ఆ వేలు వణకట్లేదు.

"ఎవరు కప్పారు?"

"నేనే నాన్నా."

"నీ చెయ్యేనని నాకు తెలుసు. ఆ కుంచె విసురు నేను నేర్పిందే. తుడిచెయ్యాలంటే తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. నువ్వు తుడవలేదు, చిక్కగా పూసి లోపల దాచావు. ఎప్పుడో ఒకప్పుడు వెనకనుంచి వెలుగు పడితే కనపడుతుందని నీకు తెలుసు." ఆయన గొంతు తగ్గింది. "చెయ్యి ఎవరిదని అడగట్లేదు తల్లీ. మాట ఎవరిది?"

వీధి తలుపు తియ్యగానే వచ్చిన చల్లగాలికి ఆవిరి చెదిరింది. డెక్లన్ ఆ ప్రశ్న వింటూనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బూట్ల మంచు కరిగి నేల మీదకి కారుతోంది. బూట్లతో లోపలికొస్తే స్టాషా ఎప్పుడూ ఊరుకోదు. ఇవాళ ఊరుకుంది.

అతను ముందు పరదాని చూశాడు. కొంగని చూశాడు. మామగారి వేలిని చూశాడు. తర్వాత పెళ్లాన్ని.

వాండా తల అడ్డంగా ఊపింది. చాలా కొంచెం. వద్దని.

ఫోనులో ఎక్కడో కాగితం మడత శబ్దం.

డెక్లన్ కారు తాళాలు తీసి, ఫోను పక్కన బల్ల మీద పెట్టాడు.

"నాది," అన్నాడు. "ఆ మాట నేనే చెప్పాను మామయ్యగారూ. నిచ్చెన కూడా నేనే పట్టుకున్నాను."

ముసలాయన అల్లుడి వైపు తిరగలేదు.

"ఇప్పుడెవరు మాట్లాడారు?" అంది జడ్జి. "మీ పేరు చెప్పండి."

అతను ఫోను మీదకి వంగాడు. అతను నోరు తెరిచేలోపే అవతలి నుంచి ఇంకో గొంతు వచ్చింది. వెన్న కరిగిపోయింది దాంట్లో.

"డెక్లన్? నువ్వా? ఈ టైముకి నువ్వు పనిలో ఉండాలి కదా. ఇంట్లో ఏం చేస్తున్నావు?"

"మిస్టర్ ప్రెస్కాట్, మీరు ఆగండి," అంది జడ్జి. ఆమె గొంతులో జలుబు పోయినట్టయింది. "చెప్పండి. మీరెవరు? ఆ మాట చెప్పమని మీకు ఎవరు చెప్పారు?"

డెక్లన్ వాండా వైపు చూశాడు. ఆమె ఈసారి తల ఊపలేదు.

సరస్సు మీద నుంచి మబ్బొకటి వచ్చి ఎండని మూసేసింది. పిండి పళ్లెం మళ్లీ తెల్లబడింది. ఆవిరిలో గులాబీ రంగు పోయింది. పరదా మళ్లీ మామూలు తెల్లవారుజామైంది, అందులో ఏ పిట్టా లేదు.

ముసలాయన వేలు మాత్రం కొంగ ఉన్నచోటే ఉంది.